పై పూతకు మాత్రమే

ఉద్యోగం చేసినన్నాళ్ళూ మచ్చలేని మనిషని పేరు తెచ్చుకున్న కాంపౌండరుకి రిటైరయ్యాక ఒక మచ్చ వచ్చి పడింది. ఆయన మీద కాదు, ఆయన భోజనాల బల్ల మీద. తెల్లగా, గుండ్రంగా, సరిగ్గా పాలగిన్నె అడుగంత. కాగుతున్న గిన్నెని పొయ్యి మీంచి దించి, తిన్నగా తెచ్చి అక్కడ పెట్టిన ఘనత ఆయనదే.

మామూలు బల్లైతే ఇంత కథ ఉండేది కాదు. అది వాళ్ళమ్మ బల్ల. ఆవిడ పోయేముందు కొడుకునీ కూతుర్నీ దగ్గర కూర్చోబెట్టుకుని, దీన్ని ఎవరు బాగా చూసుకుంటే వాళ్ళ దగ్గరే ఉండాలని చెప్పింది. ఎవరు బాగా చూసుకుంటారో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయింది. అప్పట్నించీ బల్ల తమ్ముడింట్లో ఉంది, దాని మీద కన్ను అక్కయ్యింట్లో ఉంది. అక్కయ్య ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఏటా ఒకసారి వచ్చి, బల్ల మీద వేలితో గీసి, ఆ వేలిని కళ్ళజోడు దాకా తెచ్చుకుని చూసి, ఏమీ అనకుండా వెళ్ళేది. ఈసారి ఫోనులోనే తేల్చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆదివారం మీ బావా నేనూ భోజనానికొస్తున్నాం. వాన్ తెస్తున్నాం. బల్ల మీద ఒక్క మచ్చ కనపడిందా, వాన్ ఎక్కేస్తుంది. ఇంకోటి, నాకు వంటలేవీ చెయ్యొద్దని మరదలికి చెప్పు. డాక్టరు గింజలూ పళ్ళూ తినమన్నాడు. అంతే."

అందుకని ఆదివారం పొద్దున ఆ ఇంట్లో పనులు చక్కగా పంచుకున్నారు. భార్యా కూతురూ కలిసి గింజలూ పళ్ళతో సలాడ్ చెయ్యాలి. కాంపౌండరు మచ్చని మాయం చెయ్యాలి. ఇంత సులువైన ఏర్పాటుని చెడగొట్టడం మామూలు మనుషుల వల్ల కాదు. దానికి కాంపౌండరే కావాలి.

కాంపౌండరంటే కలిపేవాడు. అందరూ ఆయన్ని కలుపుగోలు మనిషి అనేవారు. కలపడం తప్ప ఆయనకి వేరే పని తెలిస్తే కదా. డిస్పెన్సరీలో మందు సీసాలన్నీ ఒకే తీరున ఉండేవి గనక, ఒంటికి రాసుకునే మందైతే సీసా మెడకి చిన్న గుడ్డముక్క కట్టి ఇచ్చేవాడు. చదువు రానివాళ్ళైనా, చీకట్లో తడుముకునేవాళ్ళైనా పట్టి చూస్తే తెలియాలని. గుడ్డ ఉంటే పై పూతకు మాత్రమే. గుడ్డ లేకపోతే లోపలికి. ఆయన రిటైరైనా ఆ నియమం రిటైరవలేదు, ఆయనతోపాటే ఇంటికి వచ్చేసింది. చెప్పులకి రాసే నూనె, తలుపు కీళ్ళకి వేసే నూనె, తన కీళ్ళకి పట్టించే తైలం, అన్నీ మెడలో గుడ్డలతో వరసగా నిలబడి ఉంటాయి.

పని అనగానే ఆయన పాత తెల్లకోటు తొడుక్కున్నాడు. డాక్టరుగారి బల్లకి తను చేసే పాలిష్ గుర్తు తెచ్చుకున్నాడు. అవిసెనూనె, వెనిగర్, నిమ్మరసం. మరక మొండిదైతే చివర్లో ఒక మూతెడు టర్పెంటైన్, పెయింట్లు పలచన చేసే విషపు నూనె. మొదటి మూడూ పాత జ్యూసు సీసాలో పోసి, మెడకి గుడ్డ కట్టి, కొత్తగా కొన్న టర్పెంటైన్ సీసా చేతిలోకి తీసుకున్నాడో లేదో, ఫోను మోగింది. బయల్దేరామని అక్కయ్య. బయల్దేరినట్టు చెప్పడానికి ఆవిడ పట్టిన సమయంలో సగం దూరం వచ్చేయొచ్చు. ఫోను పెట్టి వెనక్కి వచ్చేసరికి చేతిలో టర్పెంటైన్ లేదు.

పోశానా? పోసి ఎక్కడైనా పెట్టేశానా? వాసన చూస్తే తెలిసిపోతుంది. కానీ రెండు రోజులుగా జలుబు. స్వతహాగా ముక్కుసూటి మనిషే, ఆ పూట మాత్రం ఆ ముక్కులోకి గాలి కూడా సూటిగా వెళ్ళడం లేదు. పోసే ఉంటాన్లే అనుకున్నాడు. నూనే వెనిగరూ బాగా కలవాలంటే కాస్త వెచ్చబడాలని, సీసాని తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టాడు.

వంటింట్లో గోధుమలూ బార్లీ ఉడికి పళ్ళెంలో ఆరుతున్నాయి. కూతురు దానిమ్మ వలుస్తోంది. భార్య ఆపిల్ ముక్కలకి నిమ్మరసం పట్టించి, ఇంక డ్రెస్సింగ్ ఒక్కటే చెయ్యాలంది.

"ఎవరికి తగిలింది?" అని కంగారుగా అడిగాడు కాంపౌండరు.

"ఎవరికీ తగల్లేదు నాన్నా. సలాడ్‌కి డ్రెస్సింగ్."

ఆయనకి తెలిసిన డ్రెస్సింగ్‌కి దూదీ, అయోడినూ, గట్టిగా పట్టుకోవడానికి ఇద్దరు మనుషులూ కావాలి. కూతురు ఓపిగ్గా చెప్పింది. నూనె, నిమ్మరసం, తేనె, ఆవపొడి, మిరియాలపొడి, ఉప్పు అన్నీ సీసాలో పోసి బాగా కుదపాలి, తర్వాత సలాడ్ మీద పొయ్యాలి. కుదిపి వాడాలి అనేసరికి ఆయనకి ఆ వంటకం మీద గౌరవం కలిగింది. తృప్తిగా బల్ల తుడవడానికి వెళ్ళాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. డ్రెస్సింగ్ పోసిన సీసా కూడా అలాంటి జ్యూసు సీసాయే. దాని మూత వదులు. కుదిపినప్పుడల్లా తేనె కారి చేతికి అంటుకుంటోందని భార్య ఒక పాతగుడ్డ చించి సీసా మెడకి చుట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో తినే వస్తువుకి గుడ్డ కట్టడం ఆవిడకి అదే మొదటిసారి. తేనె ఇంకా అడుగునే ఉండిపోయిందని కూతురు దాన్ని తీసుకెళ్ళి, గట్టు మీద ఎలాగూ వేణ్ణీళ్ళున్నాయి కదా అని, నాన్నగారి సీసా పక్కనే నిలబెట్టింది. రెండూ ఒకే రంగు, ఒకే మబ్బు, ఒకే మెడ, మెడలో ఒకే గుడ్డ. కవలపిల్లలకి స్నానం పోస్తున్నట్టుంది ఆ గిన్నె.

కాంపౌండరు వచ్చాడు, గుడ్డ చూశాడు, చేతికి అందిన సీసా తీసుకుని వెళ్ళాడు. గుడ్డ ఉన్నదంటే పై పూతే. అనుమానించాల్సిన అవసరం ఆయన సర్వీసులో ఎన్నడూ రాలేదు.

బల్ల మొత్తం దట్టంగా పట్టించాడు. మచ్చ ఉన్నచోట మూడింతలు పోసి రుద్దాడు. మచ్చ మసకబారింది, తర్వాత కనపడకుండా పోయింది. బల్ల మెరుస్తోంది. ఈలలాంటిది వేద్దామనుకున్నాడు గానీ జలుబు వేయనివ్వలేదు. కోటు విప్పి వంకెకి తగిలించి స్నానానికి వెళ్ళాడు.

స్నానం చేసి వచ్చి చూస్తే బల్ల ఇంకా ఆరలేదు. వేలు పెడితే వేలు వెంటనే తిరిగి రాలేదు. నల్లగా నలుసులు కనిపించాయి, దుమ్మనుకున్నాడు. ఆ నలుసుల్లో కొన్ని నడుస్తున్నాయి. వంగి చూస్తే చీమలు. కిటికీ మీంచి గోడ, గోడ మీంచి బల్లకాలు, అక్కణ్ణించి పైకి, క్రమశిక్షణలో అక్కయ్య హాస్టలు పిల్లల్లా వరసగా వస్తున్నాయి. పాలిష్‌కి చీమలెందుకు పడతాయో ఆయనకి అర్థం కాలేదు. వాసన తెలియక వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది. తర్వాత మిరియాల ఘాటు తగిలింది.

తలుపు గంట మోగింది.

ఆలోచించే వ్యవధి లేదు. అల్మారాలోంచి ఎర్రపూల దుప్పటొకటి లాగి బల్ల మీద పరిచేశాడు. పరిచాక కాస్త సర్దుదామని లాగితే అది రాలేదు. పెట్టిన చోట పెట్టినట్టే ఉండిపోయింది.

అక్కయ్య లోపలికి వస్తూనే బల్ల వైపు చూసింది. వెనకాల బావగారు వాన్ తాళాలతో వచ్చారు. బావగారు మాట్లాడే మనిషి కాదు. అక్కయ్య మాటల మధ్య ఖాళీ దొరికితే తల ఊపుతారు. ఇద్దరూ కూర్చున్నారు. బావగారు మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఒకసారి ఎత్తబోయి, ఏదో అర్థమైనట్టు మళ్ళీ అక్కడే ఉంచేశారు. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

"ఈ దుప్పటెందుకురా?" అంది అక్కయ్య.

"అతిథులొస్తున్నారని."

"నేను అతిథినా? తియ్యి."

"భోజనాలయ్యాక తీస్తానక్కయ్యా."

అక్కయ్య అంచు పట్టుకుని లాగింది. అంచు వచ్చింది గానీ దుప్పటి రాలేదు. "బల్లకి కుట్టేశావా?" అని అడిగింది. కింద ఏం లేదు, అద్దంలా ఉందని బల్లగుద్ది చెబుదామనుకున్నాడు కాంపౌండరు. కానీ గుద్దిన చెయ్యి మళ్ళీ వెనక్కి వస్తుందన్న నమ్మకం లేక మామూలుగానే చెప్పాడు.

అప్పుడు భార్య సలాడ్ తెచ్చింది. పెద్ద గాజుగిన్నె నిండా గోధుమలూ బార్లీ, మధ్యలో దానిమ్మ గింజలు, ఆపిల్ ముక్కలు, నారింజ తొనలు. ప్రతి గింజా దేనికది విడివిడిగా నిగనిగలాడుతోంది. అంత మెరుపు ఆయన తిండిలో ఎప్పుడూ చూడలేదు. కానీ వేరేచోట చూశాడు. డాక్టరుగారి బల్లకి అచ్చంగా అదే మెరుపు.

సలాడ్ మీద పొయ్యాల్సింది బల్ల మీద ఉంటే, బల్ల మీద పొయ్యాల్సింది ఎక్కడున్నట్టు? లెక్క చాలా చిన్నది.

"అక్కయ్యా, అది తినకు."

ముందు తలెత్తింది భార్య. "ఏం, నేను చేశాననా?"

"అది కాదే. చాలా బాగా మెరుస్తోంది. అదే నా బాధ."

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడకబెట్టి, రుచి చూసుకోవడానికైనా తీరిక లేకుండా చేసిందాన్ని పట్టుకుని మెరుస్తోందని బాధపడే మొగుణ్ణి ఏమనాలో తోచక గరిట కింద పెట్టేసింది. ఉడికిన గింజలకన్నా ఎక్కువగా కాంపౌండరు లోలోపల గింజుకుంటున్నాడు.

"ఏంటో నాన్చకుండా చెప్పు నాన్నా," అంది కూతురు.

చెప్పాలంటే డ్రెస్సింగ్ ఎటు పోయిందో చెప్పాలి. అది చెబితే దుప్పటి తియ్యాలి. దుప్పటి తీస్తే బల్ల వాన్ ఎక్కుతుంది. ఆయన గిన్నె పట్టుకుని తనవైపు లాక్కున్నాడు. ఇది కొంచెం ఎండలో పెట్టి తింటే మంచిదని ఏదో అన్నాడు. అక్కయ్య రెండో వైపు పట్టుకుంది. హాస్టల్లో అంతమంది పిల్లల చేతుల్లోంచి అన్నీ లాక్కున్న చెయ్యి అది. గిన్నె ఆవిడ వైపే వెళ్ళింది.

"బల్ల ఇవ్వాల్సొస్తుందని పిడికెడు గింజలకి కూడా ఏడుస్తున్నావా?" అని, నిండా ఒక చెంచా తీసుకుని, తమ్ముడి కళ్ళలోకి చూస్తూ నమిలింది. మళ్ళీ ఒకటి తీసుకుంది. మూడో చెంచాకి ఆవిడ మొహంలో కోపం తగ్గింది. "బావుందమ్మాయ్," అంది మరదలితో. బావగారైతే ఖాళీగా ఉన్న రెండో చేత్తో అప్పటికే తన గిన్నె ఖాళీ చేసేశారు.

టర్పెంటైన్ పోశానా, పోయలేదా? కాంపౌండరు కళ్ళు మూసుకుని పొద్దున్నని మళ్ళీ మొదట్నించీ నడిపించి చూశాడు. చేతిలో సీసా ఉంది. ఫోను మోగింది. ఆ తర్వాత చెయ్యి ఖాళీ. మధ్యలో ఏం జరిగిందో ఆ చేతికే తెలియాలి.

"గొంతులో మంటగా ఏమన్నా ఉందా అక్కయ్యా?"

"నీ వరస చూస్తుంటే ఒళ్ళంతా మంటగానే ఉంది."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"నువ్వే నా కుర్చీ చుట్టూ తిరుగుతున్నావు. కూర్చో ముందు."

కూర్చున్నాడు. ఎదురుగా ఎర్రపూల దుప్పటి, దాని కింద అమ్మ బల్ల. చిన్నప్పుడు సరిగ్గా ఈ మూలనే అక్కయ్య కూర్చునేది. అమ్మ అటు తిరిగినప్పుడు తన కంచంలో పండుముక్క తమ్ముడి కంచంలోకి తోసేసేది. అడిగితే నాకు ఇష్టం లేదనేది. అది అబద్ధమని ఇప్పుడు ఆ దానిమ్మ గింజల్ని వెతికి వెతికి తింటుంటే తెలుస్తోంది.

ఇంక బల్ల గురించి ఆలోచించలేదు. పాలగిన్నె నుంచి మొదలుపెట్టి, మచ్చా, పాలిష్షూ, గుడ్డలూ, చీమలూ అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. "అందులో టర్పెంటైన్ కూడా పడిందేమో అక్కయ్యా. అది కడుపులోకి పోతే ఇంట్లో ఏ వైద్యం చెయ్యకూడదు, ఆసుపత్రికే వెళ్ళాలి. లే. వాన్ ఎక్కు."

"బల్లని ఎక్కించడానికి వాన్ తెస్తే నన్ను ఎక్కిస్తావా?" అంది గానీ, అక్కయ్య చేతిలో చెంచా మాత్రం కింద పడింది.

ఆసుపత్రి మాట వినగానే బావగారు ఎన్నడూ లేనంత వేగంగా లేచారు. ఆయన మోచేతితోపాటు దుప్పటి కూడా లేచింది. బర్రుమని చప్పుడు చేస్తూ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడొచ్చింది. గాజుగిన్నెని కూతురు గాల్లో పట్టుకుంది. బావగారు భుజం మీద దుప్పటి వేలాడుతూ ఉండగా, రాజుగారిలా వాకిలి వైపు నడిచారు. బల్ల మీద మచ్చ లేదు. దాని బదులు దుప్పటి రంగు దిగి బల్ల నిండా ఎర్రపూలు పడ్డాయి. పూల మీద చీమలు తిరుగుతున్నాయి. కానీ ఆ క్షణంలో దాన్ని ఎవరూ చూడలేదు.

ఆసుపత్రి అన్నాక కోటు లేకుండా వెళ్ళడం కాంపౌండరుకి చేతకాదు. వంకెకున్న తెల్లకోటు లాగి తొడుక్కున్నాడు. అలవాటుగా చెయ్యి జేబులోకి వెళ్ళింది. జేబులో ఏదో గట్టిగా తగిలింది. బయటికి తీశాడు.

టర్పెంటైన్ సీసా. సీలు కూడా తియ్యలేదు.

డిస్పెన్సరీలో ఎవరు పిలిచినా చేతిలో ఉన్న సీసాని బల్ల మీద వదలకుండా జేబులో వేసుకుని వెళ్ళడం ఆయన పద్ధతి, రోగులెవరైనా పొరపాటున తాగుతారని. పొద్దున అక్కయ్య పిలిచినప్పుడూ చెయ్యి తన డ్యూటీ తను చేసింది. చెయ్యలేదేమోనని అనుమానపడింది మనిషే. ఆయన అక్కడే గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుండిపోయాడు.

"అంటే నేను తిన్నదేంటి?" అంది అక్కయ్య.

"అవిసెనూనె, వెనిగర్, నిమ్మరసం. అన్నీ తినేవే."

అక్కయ్య ఆ మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తర్వాత మరదలి వైపు తిరిగింది. "మరి నువ్వు పొయ్యాలనుకున్నదాంట్లో ఏం వేశావు?"

"నూనె, నిమ్మరసం, ఆవపొడి, ఉప్పు. తేనె కాస్త ఎక్కువే వేశాను వదినా, మీకు రుచిగా ఉండాలని."

"నాకు షుగరొచ్చిందే పిచ్చిపిల్లా. గింజలు తినమన్నది అందుకే. చెబితే జాలిపడతారని చెప్పలేదు. తేనె చుక్క కూడా వద్దన్నాడు డాక్టరు, ఉప్పు కూడా తగ్గించమన్నాడు. ఆ గిన్నెడూ అదే పోసి పెట్టి ఉంటే నిజంగానే వాన్ ఎక్కేదాన్ని."

తప్పు జరిగిందని ఏడవాలా, జరిగి మంచిదైందని నవ్వాలా తేలక భార్య రెండూ కొంచెం కొంచెం చేసింది. అక్కయ్య లేచి, అలవాటు ప్రకారం, బల్ల మీద వేలితో గీయబోయింది. వేలు కదల్లేదు, అంటుకుంది. గట్టిగా పీక్కుని కళ్ళజోడు దాకా తెచ్చుకుని చూసింది.

"ఇది బల్లా బెల్లమా?" అంది. "దీన్ని వాన్ ఎక్కిస్తే మళ్ళీ దించడం మీ బావ తరం కాదు. ఇక్కడే పడి ఉండనీ."

తర్వాత, మిగతావాళ్ళు తడిగుడ్డలు తేవడానికి వెళ్ళాక, గోడకి ఆనుకున్న తమ్ముడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నోరు మూసుకుని ఉంటే బల్ల నీకే మిగిలేది కదరా."

"నువ్వు కూడా మిగలొద్దూ," అన్నాడు కాంపౌండరు.

అక్కయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచిన వేలికి తేనె ఉన్న సంగతి మళ్ళీ పెట్టుకున్నాక తెలిసింది. గుమ్మంలోంచి దుప్పటితో సహా బావగారు తొంగిచూసి, ఆ రోజుకి మొదటిసారి నోరు విప్పారు.

"ఇంకొంచెం ఉందా?"

వెళ్ళేటప్పుడు అక్కయ్య బల్ల జోలికి పోలేదు గానీ, సీసాలో మిగిలిన పాలిష్ తీసుకెళ్ళింది. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. సలాడ్ ఇప్పుడు రోజూ దాంతోనేనట, ఆ సీసా అయిపోయిందట, ఇంకోటి కలిపి పంపమంది. ఈలోగా ఎన్నిసార్లు కడిగినా బల్ల మీద పూలూ పోలేదు, చీమలూ మానలేదు.

కాంపౌండరు కోటు తొడుక్కుని, అవిసెనూనే వెనిగరూ నిమ్మరసం కొలిచి పోసి, బాగా కుదిపి, మూత గట్టిగా బిగించి, అలవాటు కొద్దీ సీసా మెడకి చిన్న గుడ్డముక్క కట్టాడు.